మా బడిలో స్మార్ట్ బోర్డు ఫొటో దిగిన విధం

పాఠం చెప్పడం కన్నా, పాఠం చెబుతున్నట్టు ఫొటో దిగడమే విద్యకు ఎక్కువ మేలు చేస్తుందని నేను ఘంటాపథంగా చెప్పగలను. నవ్వకండి! ఈ మాట అంటున్నది ఊసుపోక మాట్లాడే మనిషి కాదు. మా బడిలో సాంకేతిక మార్పుకు నేను సారథిని. అలాగని ఆర్డరు కాపీ కూడా ఇచ్చి, నోటీసు బోర్డుకు అంటించారు.

సారథిని ఎలా అయ్యానంటారా? ఒకసారి స్టాఫ్ మీటింగులో ప్రొజెక్టరు వెలగలేదు. అందరూ దాని చుట్టూ చేరి, పరామర్శకు వచ్చినవాళ్లలా నిలబడ్డారు. నేను లేచి వైరు పీకి మళ్లీ పెట్టాను. వెలిగింది. హెడ్మిస్ట్రెస్ మేడమ్ నా వైపు అదోలా చూశారు. అప్పటిదాకా మామూలు సైన్సు టీచర్ని. ఆ వైరు పుణ్యమా అని నా జాతకమే మారిపోయింది.

ఆ తర్వాత క్లాసు క్లాసుకూ స్మార్ట్ బోర్డు వచ్చింది. కొత్త కదా, అనుభవం లేక నేనొక పిచ్చి పని చేయబోయాను. తోటి టీచర్లకు దాన్ని వాడటం నేర్పుదామనుకున్నాను! సాయంత్రం బడి వదిలాక, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినీ బోర్డు ముందు నిలబెట్టేవాణ్ణి. తలుపెందుకంటే, మావాళ్లకు భయం బోర్డంటే కాదు, పిల్లలంటే. లెక్కల మాస్టారు ఆ సంగతి పైకే అనేశారు.

“వాళ్ల ముందు తప్పు బటన్ నొక్కాననుకో తమ్ముడూ, ఇన్నేళ్ల పరువు ఏమైపోవాలి? ఎక్కాలు తప్పు చెప్పినా ఇంత సిగ్గుండదు.”

ఇలా ఒక్కొక్కరి భయం పోగొట్టుకుంటూ పోతే నా జుట్టు నెరిసిపోయేది. అదృష్టం బాగుండి పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి టీచరూ రోజూ స్మార్ట్ బోర్డు మీదే పాఠం చెప్పాలి, చెప్పినందుకు రుజువుగా ఫొటో పంపాలి. ఇంతకన్నా వరం ఉంటుందా? పాఠానికి పీరియడంతా కావాలి, ఫొటోకు రెప్పపాటు చాలు. సాయంత్రం శిక్షణ ఎత్తేశాం. నేను ఫోను పట్టుకుని గది గదికీ తిరగడం మొదలుపెట్టాను.

బోర్డు ఆన్ చేయగానే పెద్ద పెద్ద అక్షరాలతో ‘స్వాగతం’ అని వస్తుంది. తర్వాత ఏం నొక్కాలో తెలియదు కనుక, అందరూ అక్కడే ఆగి ఫొటో దిగి, బోర్డు ఆపేసి, చాక్‌పీసు అందుకునేవారు. ఆ విధంగా మా బడిలో లెక్కల్లోనూ చరిత్రలోనూ ఇంగ్లీషులోనూ నెలల తరబడి ‘స్వాగతం’ అనే పాఠమే నడిచింది. ఇదేమిటని పైవాళ్లు ఒక్కరైనా అడిగితే ఒట్టు. వాళ్లు ఫొటోలు లెక్కపెట్టుకోవాలా, చూస్తూ కూర్చోవాలా మీరే చెప్పండి!

రోజూ ఈ తిరుగుడు ఎందుకు, వారానికి సరిపడా సోమవారమే తీసేద్దామన్నారు చరిత్ర మేడమ్. చరిత్ర ఎలా తయారవుతుందో ఆవిడకు తెలియనిదా? కాకపోతే వారమంతా ఒకే బట్టల్లో కనిపిస్తే బాగుండదు. కాబట్టి సోమవారం వచ్చిందంటే మా స్టాఫ్ రూము ఇస్త్రీ షాపులా ఉండేది.

“నీలం చీర బుధవారానిది కదా నాయనా? అయితే కాస్త ఆగు, గురువారం కట్టుకుని వస్తాను” అనేవారు మేడమ్.

లెక్కల మాస్టారి దగ్గర ఉన్నది ఒక్క స్వెట్టరే. అది వేసుకుంటే సోమవారం, విప్పితే మంగళవారం, భుజాన వేసుకుంటే బుధవారం. తీరా చూస్తే గోడ గడియారం అన్ని రోజులూ ఒకే టైము చూపిస్తోంది. అన్ని గదుల్లోనూ గడియారాలు దింపించేశాను. అప్పటి నుంచి మా బడికి ఎవరూ ఆలస్యంగా రావడం లేదు. ఇదంతా టెక్నాలజీ తెచ్చిన క్రమశిక్షణ కాదా?

పిల్లలు సాధించిన ప్రగతి సంగతి వేరే చెప్పాలి. పాఠం విని ఆశ్చర్యపోవడం ఏ పిల్లలకైనా వచ్చు. పాఠం లేకుండా ఆశ్చర్యపోవాలంటే సాధన కావాలి. మా ఏడో తరగతి అందులో ఆరితేరింది. నేను ఫోను ఎత్తగానే నోళ్లు తెరుచుకుంటాయి, దించగానే మూసుకుంటాయి. ముందు బెంచీ అమ్మాయి ఒకతె చెంపన చెయ్యి కూడా వేసుకుంటుంది. అది నేను నేర్పింది కాదు, ఆ పిల్ల సొంత ప్రతిభ.

అంతా ఇంత సవ్యంగా సాగుతుండగా, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు లెక్కల మాస్టారు నా పక్కకి కుర్చీ జరుపుకున్నారు.

“శంకువు పిల్లల బుర్రకెక్కడం లేదు తమ్ముడూ. సూత్రం గడగడా అప్పజెప్పేస్తారు, అడుగు ఎక్కడో కొన ఎక్కడో మాత్రం తెలీదు. ఆ బోర్డులో బొమ్మ గిరగిరా తిరుగుతుందటగా. అది నేర్చుకోవాలనుంది. ఎవరైనా వచ్చి నాలుగు రోజులు నా పక్కన కూర్చుంటే పట్టేస్తాను. నిన్ను అడుగుదామంటే నీకేమో ఫొటోలతోనే సరిపోతోంది.”

నిజం చెబుతున్నాను, ఆ మాటకు నాకు సంతోషమూ సిగ్గూ కలిసి వచ్చాయి. ఇంత పరువు గల మనిషి నోరు విడిచి అడిగారు. ఒక ట్రైనర్ని పంపమని ఆ పూటే పై ఆఫీసుకు అర్జీ పెట్టాను.

జవాబు వచ్చింది. హెడ్మిస్ట్రెస్ మేడమ్ దాన్ని స్టాఫ్ అందరి ముందూ చదివి వినిపించారు. ఒక్క రోజైనా తప్పకుండా స్మార్ట్ బోర్డు వాడుతున్న బడి చుట్టుపక్కల మాదొక్కటేనట. ఇంత ముందున్న బడికి ట్రైనర్ని పంపడం వృథా అట. ఉన్న కొద్దిమంది ట్రైనర్లనూ ఫొటోలు పంపని బడులకు పంపుతున్నారట. పైగా మేం సాధించిన విధానాన్ని నేను వెళ్లి మిగతా బడులకు వివరించాలట.

“చూశారా మాస్టారూ, మనకి నేర్పగలవాళ్లే లేరట” అని మేడమ్ మురిసిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. లెక్కల మాస్టారు కూడా కొట్టారు.

మర్నాడు ఏడో తరగతి వరండాలో వెళుతూ ఆగిపోయాను. లెక్కల మాస్టారు ఒక్కరే, పిల్లల ముందే, బోర్డుతో తంటాలు పడుతున్నారు. ‘స్వాగతం’ దాటేశారు! మా బడిలో నేను కాక దాన్ని దాటిన మొదటి మనిషి ఆయనే. తెర మీద శంకువు పడింది, కాకపోతే తలకిందులుగా. ఆయన ఇంకేదో నొక్కారు. అది కాస్తా మాయమైంది. చెమట తుడుచుకుంటూ, సాయం కోసం అటూ ఇటూ చూశారు.

నేను గబగబా లోపలికి అడుగుపెట్టాను. చేతిలో ఫోను ఉంది. ఈ మధ్య అది చెయ్యి దిగడం లేదు.

ఫోను చూడగానే మాస్టారు చటుక్కున చొక్కా సర్దుకుని, ఖాళీ బోర్డు మీద వేలు పెట్టి, చిరునవ్వు నవ్వారు. క్లాసంతా నోరు తెరిచింది.

“తొందరగా తీసెయ్ తమ్ముడూ” అన్నారు.

తీశాను. బాగా వచ్చింది.