ఎవరూ రాని గదిలో సైన్యం

గురువారం పొద్దున బడికి బయలుదేరే ముందు సివిక్స్ మేడం డైరీలో రాసుకున్న పనులు ఇవి:

పదింటికి వచ్చే సైన్యం వాళ్ళను వెనక గేటు నుంచి తీసుకురావాలి.
లైబ్రరీలో కూర్చోబెట్టాలి.
ఎక్కడున్నారో అటెండరుకు తప్ప ఎవరికీ తెలియకూడదు.
చివరి తరగతి పిల్లలందరినీ పదకొండు దాకా గ్రౌండులో ఆపాలి.
చిట్టిని లైబ్రరీ వైపు పోనివ్వకూడదు. చెదల మందు కొడుతున్నారని చెప్పాలి.
పదకొండింటికి వాళ్ళకు టీ ఇచ్చి సాగనంపాలి.

సైన్యంలో మనుషులను చేర్చుకునేవాళ్ళు అడిగితే, ఏ హైస్కూలైనా ఏడాదికోసారి ఒక గంట చోటు ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు. దాని మీద స్టాఫ్ మీటింగులో రెండు గంటలు అరుచుకున్నారు. "రానివ్వండి, నలుగురికైనా ఉద్యోగాలొస్తాయి" అన్నాడు లెక్కల మాస్టారు. "మధ్యాహ్నం ఏం తినాలో తేల్చుకోలేని పిల్లలండీ! చావాలో బతకాలో తేల్చుకోమంటామా?" అంది సివిక్స్ మేడం. హెడ్మాస్టరు ఇద్దరి వైపూ తలూపి, "రెండూ నిజమేనమ్మా. ఆ వ్యవహారమేదో నువ్వే చూసుకో" అని లేచిపోయాడు.

మేడం ఉత్తర్వును నాలుగుసార్లు చదివింది. చోటు ఇవ్వాలని ఉంది గానీ ఏ చోటో లేదు. వెంటనే సైన్యం వాళ్ళకు ఉత్తరం రాసింది: యూనిఫాం వేసుకోకూడదు, జీపు లోపలికి రాకూడదు, పోస్టర్లు అంటించకూడదు. ఇక చోటంటారా, ఆ బడిలో లైబ్రరీని మించిన రహస్య స్థలం లేదు. లైబ్రేరియన్ రిటైరై నాలుగేళ్ళయింది. ఆయన వెళ్ళిపోయిన సంగతి పిల్లలకు ఇంకా తెలియదు.

అక్కడికి వెళ్ళేది ఒక్క చిట్టి. మేడం కూతురు. చివరి తరగతి, అంటే పన్నెండు. పోయిన నెలలోనే పద్దెనిమిది నిండాయి. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి మేడం. రెండో మనిషి చిట్టి కావాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. కాలేజీ దరఖాస్తు నింపి, కవరులో పెట్టి సిద్ధంగా ఉంచింది. సోమవారం పంపాలి.

"చిట్టీ, ఇవాళ లైబ్రరీకి వెళ్ళకు. చెదల మందు కొడుతున్నారు."

"పుస్తకాల మీద కూడానా?"

"అన్నిటి మీదా."

చిట్టి ముఖం వాడిపోయింది. మాట వింటోందని మేడం అనుకుంది.

పదింటికి, ఆ ఉత్తరం సంగతి తెలియని హెడ్మాస్టరు ముందు గేటు దగ్గర నిలబడి సైన్యం జీపు కోసం చూస్తున్నాడు. జీపు రాలేదు. వెనక్కి తిరిగేసరికి, ఇస్త్రీ ప్యాంట్లతో, చంకలో ఫైళ్ళతో ఇద్దరు మనుషులు అటెండరు వెంట వరండా దాటి లైబ్రరీ వైపు పోయారు.

అటెండరు తిరిగి రాగానే పట్టుకున్నాడు. "ఎవరయ్యా వాళ్ళు?"

"తెలీదు సార్."

"తెలియకుండానే లోపలికి తీసుకెళ్ళావా?"

"తెలుసు సార్. చెప్పకూడదన్నారు."

"ఎవరన్నారు?"

"అదీ చెప్పకూడదు సార్."

"లైబ్రరీకేనా తీసుకెళ్ళింది?"

"నేను చెప్పలేదు సార్. మీరే అన్నారు."

హెడ్మాస్టరుకు అప్పుడు వెలిగింది. తనిఖీ! చెప్పా పెట్టకుండా వచ్చి, నేరుగా లైబ్రరీలో దిగారంటే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాసి ఉండాలి. వెంటనే చివరి తరగతి రెండు సెక్షన్లనూ వరుస కట్టించాడు.

"లైబ్రరీకి పదండి. ప్రతి ఒక్కడి చేతిలో పుస్తకం ఉండాలి. ఏ పుస్తకమైనా ఫరవాలేదు, తలకిందులుగా మాత్రం పట్టుకోకండి. వాళ్ళేమడిగినా నవ్వుతూ 'అవునండీ' అనండి. ఏ కాగితమిచ్చినా చక్కగా నింపి సంతకం పెట్టండి. బడి పరువు మీ చేతుల్లో ఉంది!"

మొహాలు కడుక్కుని, తలలు దువ్వుకుని, డెబ్బై తొమ్మిది మంది బయలుదేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

గ్రౌండులో ఈల పట్టుకుని మేడం ఒక్కతే నిలబడింది. ఎదురుగా రెండు కాకులు. పదిన్నర దాటింది, ఒక్క పిల్లా రాలేదు. చివరికి టీ కెటిల్‌తో అటెండరు కనిపించాడు.

"పిల్లలేరయ్యా?"

"లైబ్రరీలో ఉన్నారు మేడం."

"ఎంతమంది?"

"పట్టినంతమంది. పట్టనివాళ్ళు కిటికీల దగ్గర."

"హెడ్మాస్టరు గారికి చెప్పేశావా?"

"ఒట్టు మేడం, నా నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. అందుకే ఇంత జరిగింది."

మేడం పరుగెత్తింది.

లైబ్రరీలో చిన్న ఆఫీసరు బల్ల ముందు నిలబడి ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నాడు. "ఇంటికి దూరంగా, మంచులో ఆరు నెలలు ఉండగలవా?"

"అవునండీ!"

"నిద్ర ఉండదు."

"అవునండీ!"

"గుండు తగలొచ్చు."

"అవునండీ!" అన్నాడు ఒకడు చెవులదాకా నవ్వి, కాగితం నింపి ఇచ్చేస్తూ.

చిన్న ఆఫీసరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇలాంటి పిల్లల్ని నేనెక్కడా చూడలేదు సార్."

"నేనూ చూడలేదు. నాకు భయంగా ఉంది" అన్నాడు పెద్ద ఆఫీసరు.

అప్పుడే మేడం ఒక తలుపులోంచి, సందర్శకుల పుస్తకం పట్టుకుని హెడ్మాస్టరు ఇంకో తలుపులోంచి వచ్చారు. ఎవరు ఎవరో తేలడానికి అయిదు నిమిషాలు పట్టింది.

"అయితే తనిఖీ కాదా?" అన్నాడు హెడ్మాస్టరు.

"కాదు సార్. సైన్యం."

"అమ్మయ్య!" అని ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "సైన్యమేనా!"

పెద్ద ఆఫీసరు కాగితాల కట్టంతా తీసి మేడం చేతిలో పెట్టాడు. "హెడ్మాస్టరు గారు చెబితే రాసిన కాగితాలు మాకొద్దు మేడం. తీసేసుకోండి."

మేడంకు ప్రాణం లేచివచ్చింది. ఆయన మీద గౌరవం కూడా కలిగింది. అప్పుడు ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి బయటికి తీశాడు.

"ఇదొక్కటి ఇవ్వలేను. వీళ్ళెవరూ రాకముందు రాసింది. మేం వచ్చేసరికే ఒక అమ్మాయి పుస్తకాలు సంచిలో సర్దుకుంటోంది, మందు పడితే పాడవుతాయని. మీరెవరని అడిగింది. చెప్పాం. పావుగంట మమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. చచ్చిపోతే ఇంటికొచ్చి ఎవరు చెబుతారని కూడా అడిగింది. అది ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడం."

చిట్టి బీరువా పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"చించెయ్యమని చెప్పు వాళ్ళకి" అంది మేడం.

"నేనే రాశానమ్మా."

"సోమవారం కాలేజీ దరఖాస్తు పంపాలే!"

"తెలుసు. కాలేజీ అయ్యాక?"

"అయ్యాక ఉద్యోగం."

"నీలాగానా?" చిట్టి ఎత్తిపొడుపుగా అడగలేదు. అదే ఎక్కువ తగిలింది. "పదకొండేళ్ళ నుంచి కాంట్రాక్టు మీదే ఉన్నావు. సెలవులు వస్తే ఫోను పక్కన కూర్చుంటావు, మళ్ళీ పిలుస్తారో లేదో అని. అది మోగేదాకా ఇంట్లో మనిద్దరం గట్టిగా మాట్లాడం."

"యుద్ధంలో నిన్ను చంపేస్తారే, పిచ్చిదానా!"

"చంపొచ్చు. ఆ మాట వాళ్ళే చెప్పారమ్మా. నువ్వు చెదల మందని చెప్పావు."

మేడం ఆ కాగితం వైపు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. పిల్లలకు ఏటా ఆమె చెప్పే పాఠమే అది: పద్దెనిమిది నిండిన మనిషి సంతకం ఆ మనిషిదే. చేతిలో కాగితాల కట్ట బరువుగా ఉంది. డెబ్బై తొమ్మిది ఇళ్ళవాళ్ళ పిల్లలు అందులో క్షేమంగా ఉన్నారు.

చిట్టి శిక్షణకు వెళ్ళిన పదో రోజున బడికి ప్రశంసాపత్రం వచ్చింది. సైన్యానికి ఇంత సహకారం ఏ బడీ ఇవ్వలేదట. ఏర్పాట్లు చూసిన ఉపాధ్యాయురాలిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఆ మాట పట్టుకుని, ఇకపై ఏటా ఆ గంట బాధ్యత ఆమెకే అప్పగిస్తూ, పైవాళ్ళు ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేశారు. "అదృష్టమంటే నీదేనమ్మా!" అన్నాడు హెడ్మాస్టరు. మేడం సంతకం పెట్టి ఆర్డరు తీసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఆ సంగతి చెప్పడానికి ఎవరూ లేరు.

బడుల్లోకి సైన్యం వాళ్ళను రానివ్వాలా వద్దా అన్న వాదన మీ బడిలోనూ ఏదో ఒక రోజు వస్తుంది. ఏ వైపైనా మాట్లాడండి. మాట్లాడే ముందు మాత్రం చిట్టిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ రోజు ఆ గదిలోకి ఎవరూ పంపకుండా వచ్చింది ఆ పిల్ల ఒక్కతే.