మూడో వంతెన దగ్గర మెసేజ్

ఆ ఉదయం అనుకున్నది ఇంతే. పిచ్చుక ఒక్కతే నది ఒడ్డున నడుస్తుంది, పాత ఊరంతా చూస్తుంది, చక్కగా ఇంటికి వస్తుంది.

పిచ్చుక అంటే పక్షి కాదు, పాత కట్టడాల చదువు చదివే పిల్ల. కాలేజీ కోసం పెద్దమ్మ ఇంట్లో ఉంటోంది. కాలేజీవాళ్లు పాత కోటలు చూపించడానికి ఆరు రోజులు తీసుకెళ్తున్నారు. దానికి ఇంటి పెద్ద ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సాయంత్రం ఐదింటిలోగా అందకపోతే ఆ సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. పెద్దమ్మకేమో పిల్ల వీధి చివర దుకాణానికి వెళ్లినా గుండె దడే.

"ఆరు రోజులు సంగతి తర్వాత. ముందు ఒక్క పూట ఒంటరిగా వెళ్లిరా చూద్దాం. ఏ గొడవా లేకుండా వచ్చావా, సంతకం. లేదా, లేదు" అంది పెద్దమ్మ.

"సరే పెద్దమ్మా."

"నాలుగు వంతెనలున్నాయి కదా. వంతెనకో మెసేజ్ పెట్టు. ఒక్కటి తప్పినా ఊరుకోను."

మొదటి వంతెన దగ్గర 'క్షేమం' అని పెట్టింది. రెండో వంతెన దగ్గరా పెట్టింది. మూడో వంతెన దగ్గరికొచ్చేసరికి, నీళ్లలో రాతి కమానుల నీడలు గుండ్రంగా కలిసి కనబడ్డాయి. పిల్ల చేతిలో పెన్సిలు, బొమ్మల పుస్తకం ఉన్నాయి. టైపు చేయడానికి చెయ్యి ఖాళీ లేక అదే రాసుకుంటుందిలే అని ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది: "నది అందంలో మునిగిపోయాను పెద్దమ్మా. మీరు తినేయండి, నాకోసం చూడకండి."

ఒడ్డున గాలి ఎక్కువ. ఫోను ఆ 'అందం' ఒక్కటే మింగేసింది. తక్కినదంతా అక్షరం పొల్లుపోకుండా పంపించింది.

"నదిలో మునిగిపోయాను పెద్దమ్మా. మీరు తినేయండి, నాకోసం చూడకండి."

పెద్దమ్మ ఒకసారి చదివి కుర్చీలో కూలబడింది. పెదనాన్నకు వీధిగదిలోనే కుట్టుపని. మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"మునిగిపోతూ కూడా మనల్ని తినమంది చూశావా! అంత మంచి పిల్ల" అంటూ ముక్కు చీదాడు.

"ఏడుపు తర్వాత. ఫోన్ చెయ్యండి!"

అక్కడ పిచ్చుక అప్పటికే వంతెన పక్కనున్న సుంకపు ఇంట్లోకి వెళ్లింది. పూర్వం పడవలవాళ్ల దగ్గర పన్ను వసూలు చేసిన ఇల్లది, ఇప్పుడు మ్యూజియం. నేల కింద మూడంతస్తులున్నాయి. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి, ఆ ఫోను కౌంటరు గుమాస్తా ముందు పళ్లెంలో ఉంది. పదకొండుసార్లు మోగాక ఆయనే విసుగ్గా ఎత్తాడు.

"మా పిల్ల ఏదండీ?" అంది పెద్దమ్మ.

"పచ్చ సంచీ అమ్మాయా? కిందికి దిగిందండీ."

"అయ్యో! ఎంతసేపయింది?"

"అరగంటయింది. ఒకసారి దిగితే అంత తొందరగా పైకి రారు లెండి. పొద్దుట్నుంచి పద్నాలుగు మంది దిగారు, ఇద్దరే పైకొచ్చారు."

"అంతమంది దిగుతుంటే చూస్తూ కూర్చున్నావా?"

"నా ఉద్యోగమే అది కదండీ."

"ఆపొద్దూ?"

"టికెట్టు కొన్నాక ఎలా ఆపుతామమ్మా? పైగా చదువుకునే పిల్లలకి సగం ధర."

పెద్దమ్మ చేతిలోంచి ఫోను జారిపోయింది. అంత గాభరాలోనూ పొయ్యి కట్టేసింది లెండి, అది మాత్రం ఆవిడ ఎప్పుడూ మరవదు. గుమ్మం దాటి ఆవిడ వేసిన కేకకు పక్కింటి ప్లంబరు పరిగెత్తుకొచ్చాడు. సంగతి వినగానే వ్యానులోకి మోటారు, ఇరవై గజాల పైపు ఎక్కించాడు.

"అదెందుకు తమ్ముడూ?"

"నీళ్లు తోడేద్దాం అక్కా!"

"నదినా?"

"మొదలంటూ పెడితే తగ్గకపోతుందా!"

మూడో వంతెన దగ్గర ఒక పడవవాడు బేరాల్లేక కునుకు తీస్తున్నాడు. ముగ్గురూ మోటారుతో, పైపుతో సహా ఒక్కసారి పడవలోకి దూకేసరికి ఉలిక్కిపడి లేచాడు.

"మా పిల్ల మునిగిపోయింది నాయనా, పోనియ్యి!"

"ఎవరు చెప్పారమ్మా?"

"అదే చెప్పింది. మెసేజ్ పెట్టింది."

పడవవాడు తల గోక్కున్నాడు. "మునిగిపోయాక మెసేజ్ ఎలా పెట్టిందమ్మా?"

"మా పిల్ల మాట తప్పే రకం కాదు. వంతెనకొకటి పెట్టమన్నాను, పెట్టింది!"

పడవవాడు గెడ పట్టుకుని రెండు బారలు నెట్టాడు. "కానీ ఇక్కడ మునగడానికి లోతేదమ్మా? నడుం దాకా కూడా ఉండదు" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా కొలతలు తీస్తున్న పెదనాన్నకు ఆ మాట నచ్చలేదు. "ఎవరి నడుం? కొలతంటే అలా గాల్లో చెప్పకూడదు" అని మెడలో టేపు తీసి, ఒక కొసకు కత్తెర కట్టి, పడవ అంచు మీంచి వంగాడు. బాగా వంగాడు. ప్లంబరు "బావగారూ!" అంటూ చొక్కా పట్టుకున్నాడు. చొక్కా గట్టిగానే ఉంది, ఆయన స్వయంగా కుట్టుకున్నదే. ప్లంబరు కాళ్లే నిలవలేదు. ఇద్దరూ దబ్బున నీళ్లలో పడ్డారు. వాళ్లను లేపడానికి పడవవాడు గెడతో సహా దిగాడు.

పెదనాన్న నిలబడి, దగ్గి, టేపు చూసి ప్రకటించాడు: "ముప్పైనాలుగు అంగుళాలు!"

ముగ్గురూ అటు తిరిగి చూసేసరికి పడవ లేదు. అందులో ఉన్న పెద్దమ్మా లేదు. మనిషీ గెడా లేని పడవ నీళ్లెటు పోతే అటు పోతోంది.

సరిగ్గా అప్పుడే పిచ్చుక సుంకపు ఇంట్లోంచి బయటికొచ్చింది. చూస్తే కమాను కిందుగా పడవలో పెద్దమ్మ. మోటారు పక్కన, పైపు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుని వెళ్తోంది.

"పెద్దమ్మా! నన్నొదిలేసి షికారుకొచ్చావా?"

పెద్దమ్మ ఇటు తిరిగి కెవ్వుమంది. "ఒసే! మునిగిపోలేదుటే నువ్వు?"

"మునిగిపోయానని చెప్పాగా! ఏం కమానులు పెద్దమ్మా, ఇంకా తేరుకోలేదు!"

"కమానులు తర్వాతే! ముందు నన్ను ఆపు!"

పిల్ల ఒడ్డు వెంట పరిగెత్తింది. "ఆ పైపు ఒక కొస పడవకి కట్టు! రెండోది ఇటు విసురు!" పెద్దమ్మ మొదటిసారి విసిరితే తన నెత్తిమీదే పడింది. రెండోసారి ఒడ్డుకందింది. పిచ్చుక దాన్ని రాతి గుంజకు రెండు చుట్లు చుట్టి, కాళ్లు తన్నిపట్టి లాగింది. పడవ మెట్లకు ఆనింది.

పైకెక్కగానే పెద్దమ్మ ముందు పిల్లను గట్టిగా వాటేసుకుంది. తర్వాత ఒళ్లంతా తడిమి చూసుకుంది. ఆ తర్వాత తిట్టింది.

"సంతకం లేదు, గింతకం లేదు! గొడవ లేకుండా రమ్మన్నానా, ఇదేనా రావడం?"

పిచ్చుక వెనక్కి తగ్గలేదు, తడిబట్టలతో నడిచొస్తున్న ముగ్గురినీ వేలితో చూపించింది. "ముగ్గురు నీళ్లలో పడ్డారు. ఒకరు కొట్టుకుపోయారు. ఆ నలుగురిలో నేనెక్కడున్నాను పెద్దమ్మా?"

దగ్గరికొచ్చిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "న్యాయమే కదమ్మా" అన్నాడు పడవవాడు.

పెద్దమ్మ చెయ్యి చాపింది. "ఏదీ, ఆ కాగితం ఇలా తగలెయ్యి" అంది. పిల్ల సంచీలోంచి తీసివ్వగానే మెట్ల మీదే కూర్చుని సంతకం పెట్టింది.

"కింద ఇంకో గడి మిగిలింది పెద్దమ్మా. దారిలో ఏదైనా ఆపద వస్తే ఇంట్లో ఎవరికి కబురు చేయాలని."

పెద్దమ్మ, టేపు పిండుకుంటున్న పెదనాన్నను చూసింది. పైపు చుట్టుకుంటున్న ప్లంబరును చూసింది. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఎవ్వరికీ వద్దు.'