గులాబీ సెంటుకు అర్హులు

ముక్కు ఉన్నంత మాత్రాన మనిషికి తన వాసన తానే ఎంచుకునే అర్హత వచ్చేసినట్టు కాదని నాగరిక ప్రపంచం ఆలస్యంగానైనా గ్రహించింది. పూర్వం జనం దుకాణానికి వెళ్లి, సీసా మూత తీసి, మణికట్టు మీద ఒక చుక్క రాసుకుని, "బాగుంది, ఇచ్చెయ్యండి" అనేవాళ్లు. ఇలా ఏ నిర్ధారణా లేకుండా, తమ శైలికి సరిపడని గులాబీ వాసనతో ఎందరు ఉద్యోగాలు చేశారో, పిల్లల్ని కన్నారో, పదవీ విరమణ కూడా పొందారో చెప్పలేం.

ఈ అరాచకాన్ని అరికట్టడానికి ఒక సెంటు కంపెనీ యాప్ తెచ్చింది. గులాబీ సెంటు కావలసినవారు ముందుగా పదిహేడు ప్రశ్నలకు జవాబులు ఇవ్వాలి. పదకొండు రకాల గులాబీల్లో ఏది వారి శైలికి తగునో యాప్ తేల్చి ధ్రువపత్రం ఇస్తుంది. అది చూపనిదే కౌంటర్లో సీసా చేతికివ్వరు. (దుకాణంలో మూత తీసి వాసన చూడడం నిషిద్ధం. ముక్కు పక్షపాతం చూపిస్తుందని నిబంధన.)

ఆ ప్రశ్నలూ, ఆ నిబంధనలూ రాసింది ఒక్కడే. కంపెనీలో ఆయన్ని అందరూ ప్రశ్నలాయన అనేవారు. చిన్నప్పటి పీనసం వల్ల ఆయన ముక్కు ఊపిరి తీసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. పొయ్యి మీద పాలు మాడిపోతున్నా పక్కింటివాళ్లు వచ్చి చెబితేగాని తెలియదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ సంగతి ఆయన దాచలేదు, ఎవరూ అడగలేదు. వాసన తెలియనివాడైతేనే అన్ని గులాబీలనూ సమానంగా చూడగలడని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఇన్నేళ్లలో ఆయన తనకు తను సర్దిచెప్పుకోలేని విషయం ఒక్కటీ రాలేదు.

పదిహేడు ప్రశ్నలనూ ఆయన ఒక మధ్యాహ్నం, భోజనానికీ టీకీ మధ్య రాసిపారేశాడు. "మీరు తలుపు ఎలా మూస్తారు? చప్పుడు కాకుండానా, చప్పుడయ్యేలానా, ఎవరో ఒకరు మూస్తారులే అని వదిలేస్తారా?" ఇలాంటివి. నాలుగవుతుండగా విభాగాధికారిణి ఫోన్ చేసింది. ఫలితాల పట్టికలో పన్నెండు గళ్లున్నాయట, గులాబీలేమో పదకొండే ఉన్నాయట, చివరి గడి ఖాళీగా ఉంటే చూడ్డానికి బాగాలేదట. ప్రశ్నలాయన పెన్ను చివర కొరుక్కుని, ఇది ఎవరికి వస్తుందిలే అన్న ధైర్యంతో రాసేశాడు: "మీకింకా గులాబీ వేళ రాలేదు. ప్రస్తుతానికి శుభ్రంగా స్నానం చేయండి." చదివినవాళ్లు నవ్వుకున్నారు. అదే ఖాయమైపోయింది.

ఎనిమిది నెలలు గడిచాయి.

ప్రశ్నలాయన భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. రోజుకు యాభై మంది చేతులకు స్పిరిట్ దూది రుద్ది, సూది గుచ్చి, సాయంత్రానికి రిపోర్టులు ఇస్తుంది. ఎంత కడుక్కున్నా చేతులను స్పిరిట్ వాసన వదలదు (అని ఆవిడే చెప్పింది, ఆయనకు తెలిసే దారి లేదు). రాబోయే ఆదివారం ఆవిడ చిన్ననాటి స్కూలు స్నేహితురాళ్లంతా ముప్ఫై ఏళ్ల తర్వాత ఒకచోట కలుస్తున్నారు. అక్కడికి ఒక్కపూటైనా గులాబీ వాసనతో వెళ్లాలని ఆవిడకు ఆశ పుట్టింది. ఆవిడ తన కోసం ఏదైనా కోరుకోవడం ఆ ఇంట్లో అలవాటు లేని పని. అందుకే ఎవరికీ చెప్పలేదు. భర్త ఆ కంపెనీలోనే ఏదో రాతపని చేస్తాడని తెలుసు. ఏం రాస్తాడో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆ యాప్‌లూ అవీ ఎవరో పెద్ద పెద్ద చదువులవాళ్లు చేస్తారని ఆవిడ నమ్మకం.

బుధవారం బస్సులో ఇంటికి వస్తూ పదిహేడు ప్రశ్నలకూ జవాబులు నింపింది. గురువారం పొద్దున కాఫీ గ్లాసు భర్త ముందు పెట్టి, ఆదివారం తానెక్కడికీ వెళ్లడం లేదంది. ఎందుకని అడిగితే, "రిపోర్టు వచ్చింది," అని ఫోన్ చూపించింది.

ప్రశ్నలాయన తన వాక్యం తనే చదువుకున్నాడు. రాసిన రోజుకన్నా ఇప్పుడు మరీ గంభీరంగా ఉంది. కింద కంపెనీ ముద్ర కూడా ఉంది.

ఇలాంటివి పట్టించుకోకూడదని, కాస్త జవాబులు మార్చి మళ్లీ నింపమని ఆయన సలహా ఇచ్చాడు.

"రిపోర్టు బాలేదని పక్కవాళ్ల రక్తం తెచ్చి ఇస్తామా ఏంటండీ?" అంది ఆవిడ.

ఆ రోజు బీరువాలోని రంగు బట్టలు పక్కకు నెట్టి బూడిదరంగువి తీసి వేసుకుంది. రోజుకు మూడుసార్లు స్నానం మొదలుపెట్టింది. సూచన అన్నాక పాటించాలి కదా.

ప్రశ్నలాయన తిన్నగా విభాగాధికారిణి దగ్గరికి వెళ్లి, పన్నెండో గడి తీసెయ్యాలని మనవి చేసుకున్నాడు. ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆ గడి కంపెనీకి బంగారు బాతు అంది. నూటికి నలభై మందికి అదే వస్తోందట. ప్రశ్నలకు గొప్పలు పోకుండా నిజాయితీగా జవాబిచ్చిన ప్రతి ఒక్కరికీ అదేనట. వాళ్లంతా రెండోసారి పరీక్షకు ఎదురుచూస్తూ, ఈలోగా కంపెనీవారి 'గులాబీ సన్నాహక సబ్బు' వాడుకుంటున్నారట. మరీ అభ్యంతరముంటే పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టుకోవచ్చంది. దానికి తొంభై రోజులు ఆగాలి. దరఖాస్తుదారు శైలిని పదేళ్లుగా ఎడతెగకుండా గమనిస్తున్న ఇద్దరు సాక్షులు కావాలి. బంధువులు పనికిరారు.

"తొంభై రోజులేంటి మేడమ్, అన్యాయం కదా. ఎవరు పెట్టారీ రూలు?"

ఆవిడ ఫైలు తిప్పి కింద సంతకం చూపించింది. ఎవరిదో కాదు, ఆయనదే. చక్కటి దస్తూరి.

ఇక మిగిలింది ఒకటే దారి. శనివారం ప్రశ్నలాయన స్వయంగా దుకాణానికి వెళ్లి వరసలో నిలబడ్డాడు. ఇంకొకరి కోసం కొనాలంటే అనుబంధ ఫారం నింపాలని కౌంటరావిడ ఒక తెర ఆయన వైపు తిప్పింది. అందులో ఏడు ప్రశ్నలు. అవీ ఈయన రాసినవే. తన ప్రశ్నపత్రం తనకే వచ్చిన పంతులులా ఆయన లోలోపల మురిసిపోయాడు.

మొదటి ప్రశ్న, ఆమెకు ఇష్టమైన రంగు. ఆయనకు బూడిదరంగు గుర్తొచ్చింది. కాదు, అది గురువారం నుంచి. అంతకు ముందు? రెండోది, గంటసేపు తీరిక దొరికితే ఆమె ఏం చేస్తుంది. ఆవిడకు గంటసేపు తీరిక దొరకగా ఆయన ఎన్నడూ చూడలేదు. మూడోది, ఆమె చివరిసారి పగలబడి నవ్వింది ఎప్పుడు, దేనికి. వెనక తొమ్మిది మంది గొంతు సవరించుకున్నారు. ఆ తొమ్మిదిలో మొదటి పెద్దమనిషి జాలిపడి, రంగు దగ్గర నీలం అని కొట్టెయ్యమని, అందరూ అదే కొడతారని చెవిలో చెప్పాడు. ప్రశ్నలాయన నీలం కొట్టి, మిగతా ఆరూ వదిలేశాడు.

"ఈ వ్యక్తితో మీకున్న పరిచయం చాలదు. పరిచయం పెంచుకుని రండి," అని తెర మీద వచ్చింది. మర్యాదలో మాత్రం ఏ లోటూ లేదు. ఆ మర్యాద కోసం అప్పట్లో ఆయన రెండుసార్లు దిద్దాడు.

"బాధపడకండి సార్, మొగుళ్లందరికీ ఇక్కడే ఆగిపోతుంది," అంది కౌంటరావిడ. "కాస్త పక్కకు జరుగుతారా?"

ఆ సాయంత్రం, మూడో స్నానం చేసొచ్చి తల తుడుచుకుంటున్న భార్య ముందు కూర్చుని ఆయన నిజం చెప్పేశాడు. ఖాళీ గడి సంగతి, తొంభై రోజుల సంగతి, ఆ పదిహేడు ప్రశ్నలూ టీ వచ్చేలోపు తాను గీకినవేనన్న సంగతి, అన్నీ. ఒంట్లో చక్కెర ఎక్కువుందని తేలిన మనిషి, ఆ రక్తం నాది కాదు అన్నప్పుడు ల్యాబులో అతన్ని ఎలా చూస్తుందో, ఆవిడ భర్తనూ అలాగే చూసింది.

"పోనీలెండి. నా దిగులు చూడలేక ఇంత అబద్ధం అల్లారు," అంది. "ఆ మాత్రం మనసు పెట్టారు, అందుకైనా రేపు వెళ్లొస్తాను."

తానే రాశానని ఆయన ఒట్టు వేయబోయాడు. ఆవిడ అన్నం వడ్డించింది.

ఆదివారం పొద్దుపోయే వేళకు ఆవిడ తిరిగొచ్చింది. ముఖం కళకళలాడుతోంది. వచ్చినవాళ్లు పదకొండు మంది అయితే, అందులో తొమ్మిది మందికి అదే రిపోర్టు వచ్చిందట. తొమ్మిది మందీ అదే సన్నాహక సబ్బు వాసన వేస్తుంటే ఒకరినొకరు చూసుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారట. ఆయన గుండె తేలికపడింది. అయితే ఇక ఆ యాప్‌ని ఎవరూ నమ్మరన్నమాట అన్నాడు.

"అదేం మాటండీ," అంది ఆవిడ చెప్పులు విప్పుతూ. "పదకొండో ప్రశ్న మీరు చూడలేదు కాబోలు. 'నీకేం కావాలి అని ఇంట్లో మిమ్మల్ని చివరిసారి ఎవరైనా అడిగింది ఎప్పుడు?' అని ఉంది. అక్కడికొచ్చేసరికి అందరి చేతులూ ఆగిపోయాయట. అది రాసినాయన ఎవరోగానీ, వాళ్లావిడ ఎంత అదృష్టవంతురాలో అనుకున్నాం."