సాయమ్మ రోగం, గౌరయ్య జవాబులు

రోగం వచ్చిన మనిషే తన రోగం గురించి మాట్లాడటం ఎంత అనాగరికం! ఆ పనికి మొగుడనేవాడు ఉన్నాడు కదా, పాఠకులారా!

ఆత్మకూరు గౌరయ్యను చూడండి. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, ఉగాది దాటాక, భార్య సాయమ్మ బిందె ఎత్తలేక ఆయాసపడుతోందని సూర్యాపేట వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె గడప బయట కూచుంది. లోపల ఆకలి, నిద్ర, నీరసం అన్నీ గౌరయ్యే చెప్పాడు. ఎంత ఓపిక! వైద్యుడు నెత్తురు తగ్గిన పాండురోగమని తేల్చి, ఇనుముతో చేసిన భస్మం ఇచ్చాడు.

"విరేచనం నల్లగ పోతే పరేషాన్ కాకు. మందు పనిచేస్తున్నట్టు."

ఆ మాటతో గౌరయ్య సగం వైద్యుడైపోయాడు. నాలుగు నెలలైనా ఆమెకు నెత్తురు పట్టలేదు. కోదాడ తీసుకెళితే, అక్కడి ఇంగ్లీషు డాక్టరు విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగాడు. గౌరయ్యనే అడిగాడు, మర్యాద తెలిసినవాడు!

"నల్లగ పోతది సారూ. మందు మంచిగ పడ్డది."

"అయితే భయం లేదండీ. కడుపులో పురుగులు ఉండుంటాయి."

పురుగుల మందుకు సాయమ్మ సగమైంది. చూసినవాళ్లు "ఎంత తెల్లగైనవే!" అని మెచ్చుకున్నారు. ఏ స్నో మొహానికి రాస్తే ఇంత నిగారింపు వస్తుంది?

చివరికి సాయమ్మ మిర్యాలగూడలో, తన అక్క ఇంట్లో, కళ్లు తిరిగి పడింది. అక్కడి డాక్టరమ్మకు బొత్తిగా మర్యాద లేదు. గౌరయ్యను బయటికి పంపి తలుపేసింది! తాను లేకుండా సాయమ్మ ఏం చెప్పగలదని ఆయన తలుపు ముందే అటూ ఇటూ తిరిగాడు.

"నల్లగా ఎప్పటినుంచి పోతోందమ్మా?"

"బతుకమ్మ పండుగ సంది. భస్మం తిన్నది ఆ తర్వాత, ఉగాది దాటినంక."

డాక్టరమ్మ వారం రోజులు భస్మం మాన్పించింది. నలుపు పోలేదు. పరీక్ష చేస్తే అది నెత్తురే. అప్పుడు గౌరయ్యను లోపలికి పిలిచింది.

"చిన్నపేగులో గడ్డ ఉన్నట్టుంది. లోలోపలే నెత్తురు కారుతోంది. హైదరాబాదులో కడుపు కోసి చూడాలి. ఇంకా ముందే వస్తే బాగుండేది."

గౌరయ్యకు ఏడుపొచ్చింది. సాయమ్మంటే ఆయనకు ప్రాణం.

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?" అంది డాక్టరమ్మ.

"నన్నెవరడిగిన్రమ్మా? అందరు ఆయన్నే అడిగిన్రు," అంది సాయమ్మ.

కనుక ఆ ఇద్దరు వైద్యులనూ నిందించకండి. వాళ్ల నిర్ధారణలో పొరపాటేమీ లేదు. వాళ్లు ప్రశ్నలడిగిన మనిషి కడుపులో నేటికీ ఏ గడ్డా లేదు!