రాయమల్లు పసుపన్నం

తెల్లవారకముందే లేచి, పెళ్లాం కంట పడకుండా అన్నం వండేయాలన్నది ఆ రోజు రాయమల్లు పథకం. అది పందొమ్మిది వందల ఎనభై మూడో సంవత్సరం. నెక్కొండ పక్కన ఆ ఊళ్లో మగవాడు పొయ్యి ముట్టించాడంటేనే నాలుగు వాడల్లో నవ్వులు. పైగా రాయమల్లు వండుతున్నది పిట్టలకు. ఊహ తెలిసినప్పటి నుంచీ వడిసెల తిప్పి పిట్టల్ని తరిమిన మనిషి, ఇప్పుడు వాటికి వండి వడ్డిస్తున్నాడని తెలిస్తే ఇంకేమైనా ఉందా?

కానీ వేరే దారి లేదు. పత్తి ఆకుల్ని లద్దెపురుగు జల్లెడ చేసేస్తోంది. నిరుటి పంట అలాగే పోయింది. ఈసారీ పోతే ములుగులో తన తమ్ముడి దగ్గర ఇద్దరం పనికి కుదురుదామని పెళ్లాం కట్టమ్మ తేల్చి చెప్పేసింది. బావమరిది కింద పాలేరుతనం! ఆ మాట గుర్తొస్తే రాయమల్లుకు ముద్ద దిగడం లేదు.

ఉపాయం చెప్పింది వ్యవసాయ శాఖ గ్రామసేవక్ పాండురంగం. "మందు కొట్టీ కొట్టీ పురుగు మొండికెక్కింది రాయమల్లూ. ఇగ పిట్టల్ని పిలువు. చేన్ల గుంజలు పాతి అడ్డకట్టెలు కట్టు, వాటిమీద వాలుతయి. పొద్దుగాల్ల పసుపు కలిపిన అన్నం ముద్దలు పెట్టు. పచ్చగ కండ్లవడితె దిగుతయి. దిగినంక పురుగును ఇడుస్తయా? కని మనుషుల అలికిడి మాత్రం ఉండొద్దు."

అందుకే నెత్తిన గొంగడి కప్పుకుని, మసక చీకట్లో గుంజ గుంజకూ ఒక పసుపు ముద్ద పెట్టుకుంటూ పోయాడు రాయమల్లు. చివరి ముద్ద పెట్టాక ఆకాశానికి చేతులు జోడించాడు. "రాండ్రి తల్లీ, రాండ్రి! కడుపునిండ తినుండ్రి. ఒక్కదాన్ని గుడ ఇడువకుండ్రి!"

సరిగ్గా అప్పుడే పక్క మిరప తోటకు నీళ్లు కట్టడానికి వచ్చింది చిలుకమ్మ. చీకటి, గొంగడి, పాతిన గుంజలు, పసుపు ముద్దలు, ఎవరినో తల్లీ అని పిలిచి ఒక్కరినీ వదలొద్దంటున్న మనిషి. ఎవరైనా ఏమనుకుంటారు? చిలుకమ్మ చెప్పులు గట్టు మీదే వదిలి ఊళ్లోకి పరుగు పెట్టింది.

హోటల్లో మొదటి చాయ్ వడకట్టేసరికి, రాయమల్లు చేతబడి చేస్తున్నాడన్న సంగతి ఊరంతా తెలిసింది. రెండో చాయ్ వేళకు కొందరికి రాత్రి నుంచే జ్వరమని తేలింది. ఒకరి ఎద్దు కుంటడం కూడా మొదలుపెట్టింది.

రాయమల్లు ఇంటికొచ్చేసరికి కట్టమ్మ గడపలో నిలబడి ఉంది. "ఏందయ్యా, పసుపు డబ్బ ఖాళీ, బియ్యం గంప ఖాళీ. ఎవలకు పెట్టొచ్చినవ్?"

"పిట్టలకే!"

"పిట్టలకా? అవద్దమాడినా జర నమ్మేటట్టు ఆడు."

పెద్దమనిషి వెంకటయ్య బడి అరుగు మీద పంచాయితీ పెట్టి, చేనులోంచి ఒక ముద్ద తెప్పించాడు. "పిట్టలకైతె మంచిదేనాయె. మరి నువ్వే తిను, సూద్దాం."

ఉప్పు లేని చల్లన్నాన్ని ఊరంతా చూస్తుండగా మింగాడు రాయమల్లు. నోరు పచ్చబడటం తప్ప ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకునేలోపే చిలుకమ్మ లేచింది. "చేసినోనికి ఎట్ల తాకుతది మామా? తాకేది మనకు!" ఈ న్యాయం అందరికీ సబబుగానే తోచింది.

మర్నాడు చుట్టుపక్కల రైతులంతా తిరుగు మంత్రానికి దిగారు. రాయమల్లు పసుపన్నం పెడితే వాళ్లు తమ చేలల్లో పెట్టిన పసుపన్నంలో కుంకుమ కలిపారు, పెరుగు పోశారు, బెల్లం దంచి వేశారు. గోరింకలు, కాకులు, కొంగలు ముందురోజు రుచి చూసిన రాయమల్లు చేను మీదుగా వెళ్లి, బెల్లం ఉన్న చేలల్లో దిగాయి. అన్నం తిన్నాయి, నంజుకోవడానికి అక్కడి పురుగుల్ని ఏరుకున్నాయి. రాయమల్లు గుంజలు బోసిగా నిలబడ్డాయి. పురుగులు మరింత బలిశాయి. ఇంట్లో పిడికెడు బియ్యం లేవు. కట్టమ్మ ములుగు ప్రయాణానికి మూట కడుతోంది. గట్టు మీద కూర్చుని రాయమల్లు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకుంటుంటే, పక్క చేలో బెల్లమన్నం మీద కొట్లాడుకుంటున్న గోరింకలు కనిపించాయి. రాయమల్లు లేచి నేరుగా వెంకటయ్య దగ్గరికి పోయాడు.

"ఒప్పుకుంటున్న మామా. చేతబడి జేసింది నేనే."

అరుగు మీది జనం, చిలుకమ్మతో సహా, గోడ దాకా జరిగారు.

"అది విరగాల్నంటే ఒక్కటే తొవ్వ. మీ చేన్ల ఒక్క మెతుకు గుడ ఉండొద్దు. రోజు పొద్దుగాల్ల ఇంటికొక్క పసుపు ముద్ద నా గుంజలకాడ పెట్టాలె. పెట్టి, మాట్లాడకుంట పోవాలె. ఎనుకకు మర్రి సూడొద్దు."

"ఎన్నొద్దులు తమ్మీ?" అడిగింది చిలుకమ్మ.

రాయమల్లు కళ్లు మూసుకుని చేనులోని పురుగునంతా తలచుకున్నాడు. "నేను సాలన్నదాంక. బెల్లం జర ఎక్కువెయ్యి అక్కా."

ఇక రాయమల్లు చేను పిట్టల జాతరైపోయింది. పురుగు మాయమైంది, కొత్త ఆకు వేసింది, కాయ పగిలి చేనంతా తెల్లబడింది. కట్టమ్మ మూట విప్పేసింది. నల్లా దగ్గర ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు జరిపి ఆమెకు దారి ఇస్తున్నారు కాబట్టి, అసలు సంగతి ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

పాండురంగం సంబరపడి వరంగల్ నుంచి పెద్ద సారును జీపులో తీసుకొచ్చాడు. సారు చేనంతా తిరిగి, ఒక్క మందు చుక్క వాసన కూడా లేదని ఆశ్చర్యపోయి, గట్టు మీది జనాన్ని అడిగాడు. "పురుగుకు ఏం చేశారమ్మా?"

చిలుకమ్మ కొంగు సర్దుకుంది. "ఇంకేముంటది సారూ, చేతబడే."

పాండురంగం నెత్తి కొట్టుకుని పిట్టల సంగతి మొత్తం వివరించాడు. సారు అంతా విని, తల పంకించి, జీపు ఎక్కబోతూ రాయమల్లును పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, "బదిలీలకు కూడా పనిచేస్తుందా?" అన్నాడు.

రాయమల్లు అవుననలేదు, కాదనలేదు. ఆ వేసంగిలోనే సారుకు కోరుకున్న చోటికి ఆర్డరు వచ్చిందని తెలిసింది. అప్పటి నుంచి రాయమల్లుకే తనంటే కొంచెం భయంగా ఉంది.