గంట వినపడే దూరం

మనిషి ఎక్కడ నివసించాలి అన్న ప్రశ్నకు మానవజాతి వేల ఏళ్ళుగా తప్పుడు జవాబులే చెప్పుకుంటూ వచ్చింది. నీళ్ళున్న చోట ఉండాలని కొందరన్నారు. పనున్న చోట ఉండాలని మరికొందరన్నారు. అయినవాళ్ళున్న చోట ఉండాలనుకున్న అమాయకులూ లేకపోలేదు (నేను ఆ కోవలోవాణ్ణే). సరైన జవాబు మాత్రం మేం కొత్తగా బదిలీ అయి వచ్చిన ఈ నగరంలో, పాఠశాల ప్రవేశాల కార్యాలయం వారు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి పెట్టారు. మనిషి తన పిల్లల బడి గంట వినపడే చోట నివసించాలి.

నేను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో సూపర్‌వైజర్ని. జనాన్ని పైకి చేర్చడం నా వృత్తి (నేను పైకొచ్చింది మాత్రం లేదు). ఈ వేసవిలో కంపెనీ నన్ను ఇక్కడికి బదిలీ చేస్తూ రెండు దారులు చూపించింది. ఒంటరిగా వెళితే ఆఫీసు పక్కనే గది ఇస్తారు. కుటుంబంతో వెళితే శుభాకాంక్షలు ఇస్తారు.

మా ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు.

"గదీ వద్దు, గాడిదగుడ్డూ వద్దు. వెళితే నలుగురం వెళదాం. పిల్లలు తండ్రిని ఫోన్లో చూస్తూ పెరగడం నాకిష్టం లేదు" అంది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు పనిచేసింది. ఆవిడ మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని ఊరుకోవడం అక్కడ మొదలై, మా ఇంట్లో స్థిరపడింది.

పదమూడేళ్ళ పెద్దాడు "మీ ఇష్టం" అని భుజాలెగరేశాడు. ఆ వయసులో దాన్ని అంగీకారం కిందే జమకట్టాలి. చిక్కంతా ఏడేళ్ళ చిన్నదానితో వచ్చింది. ఎదురింటి స్నేహితురాల్ని వదిలి రానుగాక రానని మంచం కిందికి దూరి కూర్చుంది. దాన్ని బయటికి రప్పించడానికి నేను బోర్లా పడుకుని ఒక ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది. కొత్త ఊళ్ళో రోజూ సాయంత్రం నలుగురం కూర్చుని పాము నిచ్చెనలు ఆడాలి. ఆకుపచ్చ కాయ నాది. ఒక్కరోజు కూడా ఎగ్గొట్టకూడదు.

"ఒట్టేనా?"

"నా మీద ఒట్టు."

"నీ మీద వద్దు. నువ్వు మర్చిపోతావు. అమ్మ మీద వెయ్యి."

వేశాను. ఆ ఒట్టు ఎవరి మీద వేశానో గుర్తుంటే చాలు, ఈ కథలో మిగతాదంతా ప్రభుత్వ నిబంధనలే.

ఇక్కడికి రాగానే మేం చేసిన మొదటి తప్పు, బడి ఖాయం చేసుకుని తర్వాత ఇల్లు వెతుక్కుందామనుకోవడం. ప్రవేశాల గుమాస్తా మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఇల్లెక్కడండీ?"

"ఇంకా చూసుకోలేదండీ. సీటు వస్తే బడికి దగ్గర్లోనే..."

"సీటు రావాలంటే మీ ఇంట్లోంచి గంట వినపడాలి. ఇల్లే లేకపోతే ఎక్కడ నిలబడి వింటారు?"

పూర్వం బడికీ ఇంటికీ దూరాన్ని టేపుతో కొలిచేవారట. తల్లిదండ్రులు దగ్గరి దారులు కనిపెట్టారు, పక్కింటి గోడలు దూకారు, ఒకాయనైతే ఇంటి గుమ్మాన్ని బడి వైపు తిప్పి కట్టించాడు. కొలిచేవాణ్ణి మంచి చేసుకోవచ్చు గానీ శబ్దాన్ని మంచి చేసుకోలేమని ఒక కమిటీ తేల్చింది. అప్పట్నుంచీ ఊళ్ళో గంటదే రాజ్యం.

అద్దె ఇళ్ళలో మూడు జాతులున్నాయని మాకు దొరికిన బ్రోకరు చెప్పాడు. స్పష్ట శ్రవణం, లీలా శ్రవణం, ఊహా శ్రవణం. మొదటిదానికి గాలీ వెలుతురూ అడగకూడదు. రెండోదానికి ఇరుగుపొరుగుల మంచితనం కావాలి, అంటే గంట కొట్టే వేళకి ఎవరూ మిక్సీ వెయ్యకూడదు. మూడోదానికి నమ్మకం ఉంటే చాలు.

కాళ్ళరిగేలా తిరిగాం. బడి గంట వేళకి ఆ పేటలోని మెట్ల మీదా, వరండాల్లోనూ మాలాంటి తల్లిదండ్రులు మెడలు పక్కకి వంచి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేవారు. ఎవరికైనా దగ్గొస్తే మిగతావాళ్ళు కొరకొరా చూసేవారు. ఒక ఇంట్లో మాత్రం గంట అద్భుతంగా, ఖంగుమని, చెవి పక్కనే మోగినట్టు వినపడింది. నేను ఆనందంతో బ్రోకరు చెయ్యి పట్టుకోబోయాను.

"ఏవయ్యా, గంట బాత్రూంలోంచి ఎందుకొస్తోంది?" అంది మా ఆవిడ.

"అది ప్రతిధ్వనండీ మేడమ్. పాతకాలం కట్టడం కదా!"

ఆవిడ వెళ్ళి తలుపు తోసింది. లోపల ఇంటి ఓనరు స్వయంగా నిలబడి గరిటెతో స్టీలు పళ్ళెం మీద కొడుతున్నాడు. పెద్దమనిషి, మమ్మల్ని చూసి నమస్కారం కూడా పెట్టాడు, గరిటెతో సహా.

"మా చెవిలో పువ్వులేమన్నా కనిపిస్తున్నాయా నీకు?" అని మా ఆవిడ అడిగితే బ్రోకరు తలదించుకున్నాడు. ఆ సిగ్గులోనే కాబోలు, మర్నాడు నిజమైన ఇల్లు చూపించాడు. బడి వెనక వీధిలో, రెండో అంతస్తు. హాల్లో ఏమీ వినపడదు. వంటింట్లో సింకు దగ్గర నిలబడితే గంట వినపడుతుంది.

దాన్ని ధ్రువీకరించడానికి శ్రవణాధికారి వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, మెత్తని మాట. రాగానే చెవిలోంచి వినికిడి యంత్రం తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అదేమిటండీ?" అన్నాను కంగారుగా.

"నిబంధన ప్రకారం సహజమైన చెవితోనే వినాలి బాబూ. యంత్రాలు పనికిరావు" అని, "కొంచెం గట్టిగా మాట్లాడండి" అన్నాడు.

వంటింట్లో నిలబడ్డాం. గంట మోగింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. వంగి మా చిన్నదాన్ని అడిగాడు.

"పాపా, మోగిందా?"

"మోగింది తాతయ్యా."

"మరి హాల్లో?"

"హాల్లో వినపడదు."

మా చిన్నది అబద్ధమాడదు (ఎవరి పెంపకమో తెలియదు). హాల్లో వినపడదు కాబట్టి పిల్లలు వంటింట్లోనే నివసిస్తున్నట్టు భావించి సీట్లు మంజూరు చేశారు. చదువూ, పడకా అక్కడికే మార్చాం. స్టవ్వు పక్కన పెద్దాడు లెక్కలు చేసుకుంటుంటే ఆవిరికి పుస్తకాలు మెత్తబడేవి. అయినా ఆ మొదటి సాయంత్రం సింకు కింద చాప పరుచుకుని నలుగురం పాము నిచ్చెనలు ఆడుతుంటే నాకు పట్టలేనంత సంతోషం వేసింది. నా ఆకుపచ్చ కాయని రెండుసార్లు పాము మింగింది. చిన్నది చప్పట్లు కొట్టి పడీపడీ నవ్వింది. బదిలీ కావడమే మంచిదయిందని మా ఆవిడతో అన్నాను కూడా.

ఆ వారమే కంపెనీలోని సహన విభాగం నుంచి పిలుపొచ్చింది.

లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి సహనం ఎంతసేపు ఉంటుంది అన్నది మా కంపెనీ శాస్త్రీయంగా నిర్ణయించింది. అకౌంట్సు విభాగం వాళ్ళని లిఫ్టులో పెట్టి, ఎప్పుడు తలుపు తంతారో చూశారు (ఒకాయన ఎంతకీ తన్నలేదు. బయటికంటే లోపలే బాగుందన్నాడు. ఆయన్ని లెక్కలోంచి తీసేశారు). ఆ సహనం చచ్చేలోగా చేరుకోగలిగే దూరంలోనే సూపర్‌వైజరు నివసించాలి. మా వంటింటి నుంచి నేను బయల్దేరితే, ఇరుక్కున్నవాడు సహనం కోల్పోయి, మళ్ళీ తెచ్చుకుని, మళ్ళీ కోల్పోయాక గానీ చేరనని తేలింది.

నగరం పటం మీద రెండు గీతలు గీసి చూశాను. ఈ చివర గంట వినపడే పేట, ఆ చివర సహనం నిలిచే పేట. రెండూ ఎక్కడా ఒకదాన్నొకటి తాకలేదు. ఆ రెండూ తాకకపోవడం ఎవరి తప్పూ కాదని బడివాళ్ళూ, కంపెనీవాళ్ళూ నాకు మర్యాదగానే చెప్పారు.

ముందు హెడ్‌మిస్ట్రెస్ గారి కాళ్ళావేళ్ళా పడ్డాను, గంట కొంచెం గట్టిగా కొట్టించండి తల్లీ, ఇంకాస్త దూరంలో ఇల్లు చూసుకుంటాను అని.

"గట్టిగా కొడితే ఇంకో నాలుగు వీధుల పిల్లలు అర్హులైపోతారండీ. ఉన్నవాళ్ళకే బెంచీలు చాలడం లేదు. మేం ఏటేటా మెల్లగా కొట్టిస్తున్నాం" అన్నారావిడ.

తర్వాత సహనాధికారిని బతిమాలాను, లిఫ్టుల్లో పాటలు పెట్టి జనం సహనాన్ని కొద్దిగా పెంచమని.

"పెట్టి చూశామండీ. ఇంకా తొందరగా తన్నారు" అన్నాడాయన.

ఆఖరికి బ్రోకరు మధ్యలో ఒక ఇల్లుందని తీసుకెళ్ళాడు. "ఇక్కడ గంటా వినపడదు, మీ ఆఫీసూ అందదు సార్. కానీ ఏం గాలండీ!" అన్నాడు. గాలి నిజంగానే బాగుంది. మా ఆవిడ ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. ఇంటికొచ్చాక నావైపు చూడకుండా సింకులో గిన్నెలు తోముతూ అంది.

"పిల్లలకి ఈ సీటు పోతే మళ్ళీ రాదండీ. మీకైతే గది దొరుకుతుంది."

తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

అలా నేను ఆఫీసు పక్కన గదిలో చేరాను. కంపెనీ మొదట్లో ఇస్తానన్న గదే. కాకపోతే కుటుంబంతో వచ్చినవాళ్ళకి అది ఉచితం కాదట. ఆదివారాలు ఇంటికొస్తానని చిన్నదానికి మాటిచ్చాను. ఆదివారం జనమంతా ఇళ్ళలో ఉంటారు, పైకీ కిందికీ తిరుగుతారు, లిఫ్టులు ఆరోజే ఆగుతాయి. ఈ సంగతి ఇంతకాలం ఈ వృత్తిలో ఉండీ నాకు తట్టలేదు.

సాయంత్రాలు మా ఆవిడ ఫోను పట్టుకునేది, చిన్నది నా తరఫున పాచిక వేసేది. "నాన్నా, నీకు పాము" అనేది. పాము ఎక్కడుందో నాకు కనిపించేది కాదు, అయినా సరేననేవాణ్ణి. కొన్నాళ్ళకి లిఫ్టుల గొడవలో ఫోను ఎత్తడం కూడా తగ్గింది. మా ఆవిడ ఒట్టు సంగతి ఎత్తలేదు. నేనే తలుచుకుని, ఆవిడకి చిన్న జలుబు చేసినా హడలిపోయేవాణ్ణి.

ఇంతలో తల్లిదండ్రుల శ్రవణ ధ్రువీకరణ వచ్చిపడింది. తల్లీ తండ్రీ ఇద్దరూ నివాసంలో ఉండి గంట వినాలి. లేకపోతే సీట్లు రద్దు. శ్రవణాధికారి ఆటల పీరియడు అయ్యాక కొట్టే సాయంత్రపు గంట వేళకి వస్తానని కబురు చేశాడు. నేను బయల్దేరేసరికి పధ్నాలుగో అంతస్తులో ఒకావిడ ఇరుక్కుంది. ఆవిడ సహనం చాలా చిన్నది, తలుపు తన్నడం కింది దాకా వినపడుతోంది. ఆ మెట్లమీద నిలబడి ఇంటికి ఫోన్ చేశాను.

శ్రవణాధికారే మాట్లాడాడు.

"కంగారుపడకండి బాబూ. తండ్రి చెవిన గంట పడాలని ఉంది గానీ, ఆ చెవి ఎక్కడుండాలో నిబంధనలో రాయలేదు. ఫోను సింకు దగ్గర పెట్టిస్తాను. మీరు వింటూ ఉండండి."

విన్నాను. కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. పెద్దాడు ఏదో లెక్క పైకి చదువుకుంటున్నాడు. పాచిక చప్పుడు, చిన్నదాని నవ్వు, మధ్యలో శ్రవణాధికారి "అయ్యో, మళ్ళీ పామా!" అనడం వినపడ్డాయి. ఆ తర్వాత గంట, మెల్లగా, ఏటేటా తగ్గించుకుంటూ వచ్చినంత మెల్లగా.

"వినపడిందా బాబూ?"

"వినపడిందండీ."

"తండ్రి నివాసంలోనే ఉన్నట్టు రాసేస్తున్నాను" అన్నాడాయన. దేవుడిలాంటి మనిషి.

చిన్నది ఫోను లాక్కుంది.

"నాన్నా! నీ ఆకుపచ్చ కాయ గెలిచింది! తాతయ్య ఆడారు."

"శభాష్!"

"నువ్వు పాత ఊరి నుంచి ఎప్పుడొస్తావు?"

"నేను ఈ ఊళ్ళోనే ఉన్నానే పిచ్చిదానా."



"ఈ ఊళ్ళోనే ఉంటే సాయంత్రం ఇంటికి రావాలిగా?"

పైన ఆవిడ తలుపు తన్నుతూనే ఉంది. ధ్రువపత్రం మర్నాడు నా చేతికొచ్చింది. దాని ప్రకారం ఆ సాయంత్రం నేను వంటింట్లో, చిన్నదాని పక్కనే కూర్చుని ఉన్నాను. కాబట్టి ఆ ప్రశ్న నాకు వర్తించదు.