నోరు తెరిచిన శ్రోతలు

పళ్ల డాక్టరుకు పెళ్లినాటి నుంచీ నవల రాయాలని కోరిక. ప్రణాళికకు మాత్రం ఏనాడూ లోటు రానివ్వలేదు. గోడ నిండా కాగితాలు అంటించాడు. నాయికకు జ్ఞానదంతం ఏ వయసులో వచ్చిందో కూడా తేల్చుకున్నాడు. మొదటి వాక్యం ఒక్కటే రాలేదు. ఆ రోజు పొద్దున్న, క్లినిక్ తెరిచేలోగా మొదటి పేజీ రాస్తాననీ, రాయలేకపోతే ఇక జన్మలో నవల మాట ఎత్తననీ భార్యకు మాటిచ్చాడు. ఆమె గుండెల్లో రాయి పడింది. నవల మాట ఎత్తినప్పుడే కదా అతని ముఖం వెలిగేది.

పేజీ తెల్లగానే ఉండిపోయింది. మొదటి రోగి వచ్చి కుర్చీలో వాలి నోరు తెరిచాడు. ఎవరికైనా చెబితే ఉత్సాహం పుడుతుందేమోనని డాక్టరు ఓ పక్క డ్రిల్లు నడుపుతూనే కథ ఎత్తుకున్నాడు. పడవ నడిపే నాయిక చివరికి ఏట్లో మునిగిపోతుందనేసరికి రోగి మూలిగాడు. కళ్ల వెంట బొటబొటా నీళ్లు కారాయి. డాక్టరు మనసు కరిగి నాయికను అప్పటికప్పుడు ఒడ్డుకు చేర్చాడు.

తర్వాత వచ్చినావిడ లెక్కల టీచరు. మత్తు సూది పడ్డాక ఆవిడ మూతి కదల్లేదు. కథ చప్పగా ఉంది కాబోలనుకుని డాక్టరు వరద తెచ్చాడు. అయినా చలనం లేకపోతే నాయికకు కవల చెల్లెల్ని పుట్టించాడు. ఆ తర్వాతి ఆయన పుక్కిలించి తొట్టిలో ఉమ్మగానే, చెల్లెలి పెళ్లి ఆయనకు నచ్చలేదని గ్రహించి సంబంధం తప్పించేశాడు.

మధ్యాహ్నమయ్యేసరికి ముందు గదిలో రభస మొదలైంది. వైద్యం అయినవాళ్లు ఇళ్లకు పోకుండా వాచిన బుగ్గలు పట్టుకుని వాదించుకుంటున్నారు. నాయిక బతికిందని ఒకరు, అసలు మునిగింది చెల్లెలని లెక్కల టీచరు. తర్వాత ఏమైందో తెలుసుకుందామని పన్ను నొప్పి లేనివాళ్లు కూడా వరసలో చేరారు. పేర్లు రాసుకుంటున్న డాక్టరు భార్య సర్దిచెప్పి సర్దిచెప్పి విసిగి, లోపలికి వచ్చి తలుపు వేసింది. కుర్చీలో కూర్చుంది. రోగుల్లా నోరు మాత్రం తెరవలేదు.

"చెప్పండి, వింటాను," అంది.

డాక్టరు డ్రిల్లు పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్లూ ఆమెకు ప్రణాళికలు చెప్పాడే గానీ కథ చెప్పలేదు. పైగా ఈమె ఎదురు మాట్లాడగల శ్రోత.

"రాస్తే పాడైపోతుందేమోనని భయమే నాకు," అన్నాడు.

"పాడైన పన్నుకి వైద్యం చేస్తారు. మొలవని పన్నుకి చేయగలరా?" అందామె. "పాడుగానే రాయండి. తర్వాత బాగుచేద్దురుగాని. మానేస్తానని మాత్రం అనకండి, నేను తట్టుకోలేను."

డాక్టరు స్టూలు లాక్కుని, మందులు రాసిచ్చే కాగితాల మీదే కొట్టివేతలతో, అడ్డదిడ్డంగా ఒక పేజీ రాశాడు. అందులో వరదా లేదు, కవలలూ లేరు. ఒడ్డున పడవ ఆపుకుని ఒక స్త్రీ, ఎప్పటికీ బయల్దేరని మనిషి కోసం ఓపిగ్గా కూర్చుని ఉంది. అది చదువుతున్న భార్య కళ్లలో నీళ్లు నిండి చెంపల మీదికి జారాయి.

"ఏ పన్ను?" అన్నాడు డాక్టరు, కంగారుగా పళ్లు చూసే అద్దం అందుకుంటూ.